పెయింట్‌లో కలిపే పురుగుల మందు సీసా: దోమలు, బొద్దింకలు నిజంగా రాకుండా ఉంటాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్ బాచుపల్లిలో ఫ్లాటు, లప్పం పని అయిపోయి ప్రైమర్ కూడా కొట్టేశారు. ఎమల్షన్ మొదలుపెట్టేలోపు షాపతను 20 లీటర్ల బకెట్‌కి ఒకటి చొప్పున కలిపే 100 ఎంఎల్ సీసా చూపించి, ఇది కలిపితే దోమ, బొద్దింక, బల్లి, చెద ఏదీ ఐదేళ్ళపాటు మీ గడప తొక్కదన్నాడు. సీసా 1,400, ఐదు బకెట్లకి 7,000. ఈలోపు మేస్త్రి పిల్లల గదికి ఒక సీసా కలిపి ఒక కోటు కొట్టేశాడు కూడా. ఇంట్లో 14 నెలల పాప ఉంది. మిగతా గదులకి కలిపించాలా, వద్దా?

వద్దండి. మిగతా నాలుగు సీసాలూ వెనక్కి ఇచ్చేయండి. ఆ నాలుగింటికీ వచ్చే 5,600తో మెష్‌లు, జాలీలు, సందులు పూడ్చే పని చేయించుకుంటే అంతకు పదింతలు పనిచేస్తుంది. పిల్లల గది సంగతి చివర్లో చెప్తా, కంగారు పడాల్సిందేం లేదు.

నేను జీడిమెట్లలో ఒక పెయింట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు చేశా, ఆ తర్వాత పదిహేనేళ్ళుగా సొంతంగా పెయింటింగ్ కాంట్రాక్టులు. ఈ మందు సంగతి డబ్బాలోనూ చూశా, గోడ మీదా చూశా, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం పట్టుకోండి, మిగతావన్నీ దాన్నుంచే వస్తాయి. గోడకి పూసిన మందు, గోడ మీద కాసేపు నిలబడే పురుగు మీదే పనిచేస్తుంది. ఈ సీసాల్లో సాధారణంగా ఉండేది పర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్. చామంతి జాతి పూలలో ఉండే మందుని చూసి ఫ్యాక్టరీలో తయారుచేసినవి ఇవి. పురుగు దాని మీద నడవాలి, కాళ్ళకి అంటాలి, అప్పుడు నరాలు అదుపు తప్పి గిలగిలా కొట్టుకుని పడిపోతుంది. గదిలో గాలంతా నిండిపోయి గుమ్మం దగ్గరే దోమని ఆపే శక్తి దానికి లేదు. ఇంకో మాట, ఒకవేళ నిజంగానే గోడ మీద దోమని వాలనివ్వలేదే అనుకోండి, అదెక్కడ వాలుతుంది? మీ చెయ్యి మీదే కదా!

లక్ష్మణరేఖ చాక్‌పీసు తెలుసుగా. అందులో ఉండేదీ ఈ కుటుంబం మందే. చీమ ఎందుకు చస్తుందంటే గీత గీసినప్పుడు పొడి నేల మీద పైపైన ఉంటుంది, కాలు పెట్టగానే అంటుకుంటుంది. అదే చాక్‌పీసు పొడిని ఫెవికాల్‌లో కలిపి గీత గీసి ఆరనివ్వండి, చీమ దాని మీదనుంచే దర్జాగా నడిచి వెళ్ళిపోతుంది. పెయింట్‌లో జరిగేది ఇంచుమించు ఇదే. ఎమల్షన్ అంటే నీళ్ళలో తేలే సన్న ప్లాస్టిక్ రేణువులు, నీరు ఆరిపోయేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి, కలిపిన మందంతా ఆ పొర లోపల ఇరుక్కుపోతుంది. కొంత మెల్లమెల్లగా పైకి ఊరుతుంది, లేదనను, కానీ అది ఎంత?

ఒక లెక్క వేద్దాం. మీ సీసా మీద ఏం రాసుందో మీరు చెప్పలేదు కాబట్టి 100 ఎంఎల్‌లో డెల్టామెత్రిన్ 2.5 శాతం ఉందనుకుందాం, అంటే అసలు మందు 2.5 గ్రాములు. 20 లీటర్ల బకెట్ రెండు కోట్లకి దాదాపు 1,200 చదరపు అడుగులు వస్తుంది, అంటే 110 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 22 మిల్లీగ్రాములు పడింది. మలేరియా వాళ్ళు ఊళ్ళలో గోడలకి కొట్టే డెల్టామెత్రిన్ డోసు కూడా చదరపు మీటరుకి 20 మిల్లీగ్రాములే, అంటే లెక్క భలే కుదిరినట్టుంది కదా, సీసా అమ్మేవాడు సరిగ్గా ఈ లెక్కే చూపిస్తాడు. తిరకాసు ఎక్కడంటే, మలేరియా వాళ్ళు కొట్టిన 20 మిల్లీగ్రాములూ గోడ పైన పొడిలా కూర్చుంటాయి. మీ 22 మిల్లీగ్రాములు తల వెంట్రుకంత మందం, అంటే ఆరాక 60, 70 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే పొరలో అడుగునుంచి పైదాకా పంచుకుపోతాయి. దోమ కాలు తాకేది పై మైక్రాను. అందులో ఉండేది మిల్లీగ్రాములో మూడో వంతు. పైగా ఆ గవర్నమెంటు స్ప్రే కూడా కొన్ని నెలలకే తగ్గిపోతుంది, మళ్ళీ కొట్టాలి. ఐదేళ్ళు అనేవాడిని ఏమనాలో మీరే చెప్పండి.

ల్యాబ్‌లో ఉన్నప్పుడు మేం సరదాకి చేసిన పని ఒకటి చెప్తా. రెండు బాత్రూం టైల్స్‌కి వెనక గరుకు వైపు పెయింట్ వేశాం, ఒకదానికి మామూలు మ్యాట్ ఎమల్షన్, ఇంకోదానికి మందు కలిపింది. క్యాంటీన్ బొద్దింకల్ని పట్టి (వాటికి కరువా!) టైలు మీద వదిలి పైన గాజు సీసా బోర్లించాం. మొదటి వారం మందు టైలు మీదవి గంటలోపే వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకున్నాయి, మేమూ అబ్బో అనుకున్నాం. మూడు వారాలకి అవే టైల్స్ తీసి, ఇంట్లో ఆడవాళ్ళు గోడ మీద పిల్లల పెన్సిల్ గీతలు తుడుస్తారు చూడండి, అలా సబ్బునీళ్ళ బట్టతో నాలుగుసార్లు తుడిచి మళ్ళీ పెట్టాం. పొద్దున చూస్తే సీసాలో బొద్దింక మీసాలు ఊపుకుంటూ తిరుగుతోంది. అంతే, తుడవగానే పైన ఊరింది పోయింది. మరి మీరు వాషబుల్ ఎమల్షన్ వేయించేదే తుడుచుకోవడానికి కదా. అందులోనూ షైన్ ఎక్కువున్న పెయింట్ అయితే పొర ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, మందు పైకి రావడం ఇంకా తక్కువ. పాత డిస్టెంపర్, మ్యాట్‌లో కొంచెం నయం, వాటి పొర గుల్లగా ఉంటుంది.

కొత్త ప్లాస్టరింగ్ ఉన్న ఇళ్ళలో ఇంకో గొడవ. పచ్చి సిమెంట్‌కి క్షారం ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది. పైరెథ్రాయిడ్‌లు క్షారానికి ఆగవు, నూనె సబ్బైపోయినట్టు విరిగిపోతాయి. సున్నం వేసిన గోడ మీద కూడా అంతే. గోడ సరిగ్గా ఆరకుండా, ప్రైమర్ లేకుండా మందు పెయింట్ కొట్టిన చోట నెలకే ఏమీ మిగలదు. ఎండ తగిలే బయటి గోడలకైతే అడగనే వద్దు.

ఇక ఒక్కో జీవి సంగతి.

దోమ: 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, బేగంపేటలో ఆయన పేరు మీద ఇనిస్టిట్యూటే ఉంది. ఆయన పట్టుకున్న అనాఫిలిస్ లాంటి దోమలు చాలావరకు రక్తం తాగాక బరువెక్కి గోడ మీద కూర్చుంటాయి, గోడకి మందు కొట్టడం అనే ఆలోచనకి అదే మూలం. అంటే అది కుట్టక ముందు మిమ్మల్ని కాపాడేది కాదు, కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకుండా చంపేది. ఊరు ఊరంతా కొడితేనే దానికి అర్థం, ఒక్క ఫ్లాటుకి కొడితే కాదు. ఇప్పుడు మన సిటీలో మిమ్మల్ని ఏడిపించేవి వేరే. రాత్రిపూట చెవి దగ్గర జుయ్యిమనేది మూసీ, నాలాల మురికినీళ్ళలో పుట్టే క్యూలెక్స్. పగలు కుట్టి డెంగ్యూ అంటించేది ఏడిస్, ఇంట్లో అదెక్కువగా దాక్కునేది మంచం కింద, కర్టెన్ మడతల్లో, తలుపు వెనక తగిలించిన ప్యాంట్ల మీద. మరి ప్యాంటుకి పెయింట్ వేయలేం కదండీ.

బొద్దింక: ఇది నడిచేది గోడ మధ్యలో కాదు, సింకు కింద, గ్యాస్ గట్టు వెనక, పైపు గోడలోకి దూరే కంత దగ్గర. అక్కడ పెయింటర్ బ్రష్షు పోదు. కొందరు మేస్త్రీలు బోరిక్ పౌడర్ కలుపుతారు. బోరిక్ మంచి మందే, కానీ బొద్దింక కాళ్ళకంటిన పొడిని నాకి మింగితేనే పనిచేస్తుంది. పెయింట్‌లో ఇరుక్కున్న పొడిని అదెలా నాకుతుంది?

చెద: దీనికి పెయింట్ అనే మాటే ఎత్తకండి. చెద మట్టిలోంచి వస్తుంది, గోడ లోపల పగుళ్ళలోంచి, కరెంటు పైపుల్లోంచి పాకి గుమ్మం చెక్కని వెనకవైపునుంచి తింటుంది. మల్కాజిగిరిలో ఒకాయన ద్వారబంధానికి ప్రతి దీపావళికీ మందు కలిపిన ఎనామిల్ వేయించేవారు, మూడేళ్ళు వరసగా. నేను వెళ్ళి వేలితో నొక్కితే అప్పడంలా లోపలికి పోయింది, పైన ఎనామిల్ పొర ఒక్కటే నిలబడి ఉంది, నిగనిగలాడుతూ. చెదకి నేలలోనే మందు పెట్టాలి, దానికి ఐఎస్ 6313 అని స్టాండర్డే ఉంది, గోడ వెంబడి అడుగుకో కంత చొప్పున వేసి మందు పోస్తారు. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళ పని అది. మీది కొత్త బిల్డింగ్ అయితే పునాది టైంలో ఈ ట్రీట్‌మెంట్ చేశారా అని బిల్డర్‌ని కాగితం అడగండి.

బల్లి: బల్లి పురుగే కాదు. దీపం దగ్గరికి పురుగులొస్తే వాటికోసం అదొస్తుంది, పురుగులు తగ్గితే అదే పోతుంది. దాన్ని ఆపే పెయింట్ నేను ఇంతవరకు చూడలేదు. గుడ్డు పెంకులు వేలాడదీసిన ఇంట్లో పెంకు పక్కనే తీరిగ్గా కూర్చున్న బల్లిని మాత్రం చూశా.

గోడ మీద సంచి పురుగు: దీన్ని మీరు అడగలేదు కానీ హైదరాబాద్ ఇళ్ళలో పెయింట్ గురించి నాకొచ్చే ఫిర్యాదుల్లో సగం ఇదే. దోసగింజంత బూడిద రంగు సంచి గోడకి వేలాడుతుంటుంది, చెత్తే అనుకుని ముట్టుకోబోతే ఒక చివరనుంచి చిన్న తల బయటకొచ్చి సంచిని ఈడ్చుకుంటూ పాకుతుంది. పెయింట్‌లోంచి పురుగులు పుడుతున్నాయి, మీరు నాసిరకం పెయింట్ వేశారు అని నన్నే తిట్టినవాళ్ళున్నారు! అది తినేది బూజు, రాలిన వెంట్రుకలు, బట్టల పీచు. సంచిలో కూర్చుని తిరిగేదానికి పెయింట్‌లో మందు ఏం తగులుతుంది? నెలకి రెండుసార్లు బూజు దులిపి, ఫ్యాను పైన, బీరువా వెనక ఊడిస్తే మాయమైపోతుంది. గోడకి చెమ్మ ఉంటే ముందు లీకేజీ చూడండి, చెమ్మగోడ మీద ఫంగస్ పట్టి దాన్ని తినే సన్న పురుగులు వేరే పుడతాయి.

ఇప్పుడు మీరడగబోయేది నాకు తెలుసు, "మా సీసా హెర్బల్ అంట అండీ, వేప, నిమ్మగడ్డి" అని. నిమ్మగడ్డి నూనె, కర్పూరం లాంటివి ఆవిరైతేనే వాసన, వాసన వస్తేనే పని. ఆవిరయ్యేది ఐదేళ్ళు ఎలా ఉంటుంది, పెయింట్ వాసనతో పాటే రెండు మూడు వారాల్లో అదీ పోతుంది. వేపనూనె ఆకు తినే పురుగుకి చేదు, మీ గోడని ఎవరూ తినట్లేదు కదా. పైగా వేపనూనె గాలికి ఆరి గట్టిపడే రకం కాదు, ఎమల్షన్‌లో ఎక్కువ పోస్తే గోడంతా మచ్చలు, జిడ్డు, దాని మీద దుమ్ము. చేదు మందులు కలిపిన ప్లాస్టిక్ కేబుళ్ళు కొన్ని ఉన్నాయి, ఎలుక కొరికి వదిలేస్తుందని. అక్కడ కొరికే జంతువుంది కాబట్టి ఆ ఆలోచనకి లాజిక్ ఉంది. దోమ గోడని కొరకదు.

పాతకాలంలో సున్నంలో మైలుతుత్తం వేసేవాళ్ళు, మా నాన్న కూడా వేసేవారు, నీలిమందుతో పాటు. అది మంచి పనే, కాకపోతే అది ఆపేది బూజుని, పాచిని. సున్నం, మైలుతుత్తం కలిస్తే ద్రాక్షతోటలకి తెగుళ్ళ మందుగా కొట్టే బోర్డో మిశ్రమం అదే. చెప్పొచ్చేదేంటంటే ఇప్పుడు డబ్బాల మీద కనిపించే యాంటీ ఫంగల్, యాంటీ బ్యాక్టీరియల్ అనే మాటలకీ దోమలకీ సంబంధం లేదు, షాపుల్లో ఈ రెండూ కలిపేసి చెప్తుంటారు.

మరి పురుగుల పెయింట్ అనేదే అబద్ధమా అంటే కాదు. స్పెయిన్ కెమిస్ట్ పిలార్ మటేయో మందుని కంటికి కనపడనంత చిన్న గుళికల్లో పెట్టి పెయింట్ చేసింది, గుళికల్లోంచి మందు కొద్దికొద్దిగా బయటికొస్తుంది. బొలీవియాలో చాగస్ జబ్బు మోసే నల్లి జాతి పురుగు మీద దాన్ని వాడారు. అక్కడెందుకు పనికొచ్చిందంటే ఆ పురుగు కాపురమే మట్టిగోడల పగుళ్ళలో. గోడలో బతికే పురుగుకి గోడ మందు, చూశారా, మళ్ళీ అక్కడికే వచ్చాం. ఫ్యాక్టరీలో అలా తయారైన పెయింట్ వేరు, షాపు కౌంటర్ మీద బకెట్‌లో సీసా ఒంపి కర్రతో తిప్పడం వేరు. కర్రతో తిప్పితే బకెట్‌లో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడుతుంది కూడా.

సేఫ్టీ గురించి నా తప్పే చెప్తా. కాంట్రాక్టులు మొదలుపెట్టిన కొత్తలో మియాపూర్‌లో ఒకాయన బతిమాలితే పొలానికి కొట్టే సైపర్‌మెత్రిన్ తెచ్చి హాల్ డిస్టెంపర్‌లో కలిపేశా, కొలతా పాడూ లేదు, మూతతో అందాజాగా. హాల్లో అక్వేరియం ఉంది, పైన పేపర్ కప్పాం అంతే. మర్నాడు పొద్దున ఆయన ఫోను, చేపలన్నీ తేలిపోయాయని. పైరెథ్రాయిడ్ చేపలకి అతి తక్కువ మోతాదులోనే విషం, పిల్లులకి కూడా, ముఖ్యంగా పర్మెత్రిన్. ఆ సంగతి ల్యాబ్‌లో చదివీ బుద్ధి లేక చేశా. చేపల డబ్బులిచ్చా, ఆ గోడ మళ్ళీ నా ఖర్చుతో చేశా, అప్పట్నుంచి ఎవరడిగినా కలపను. కలిపే కుర్రాళ్ళకి గ్లౌజులుండవు, చేతులు మండుతాయి, ముఖం చిమచిమలాడుతుంది. నాలుగేళ్ళ తర్వాత రీపెయింటింగ్‌కి ఎమరీ పేపర్‌తో గోడ రుద్దితే ఆ దుమ్ము పీల్చేది కూడా వాళ్ళే.

ఎవరైనా తప్పదు అనుకుంటే సీసా మీద చూడాల్సినవి ఇవి: మందు టెక్నికల్ పేరు, ఎంత శాతం, సీఐబీ (పురుగుమందుల్ని చూసే కేంద్ర బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు, విషం ఎంతో చెప్పే రంగు గుర్తు (ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ). 1968 చట్టం ప్రకారం పురుగుమందు ఏదైనా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. ఇవేమీ లేకుండా ఎకో ఫ్రెండ్లీ అని ఆకు బొమ్మ ఒక్కటే ఉంటే, లోపల మందైనా లేదు, ఉంటే దొంగచాటుగా ఉంది. రెండూ మీకు వద్దు.

ఆ 5,600 ఎక్కడ పెట్టాలంటే, కిటికీలన్నిటికీ మెష్, కన్నం ఒకటిన్నర మిల్లీమీటర్ లోపుండేది, ముఖ్యంగా బాత్రూం వెంటిలేటర్‌కి, అందరూ మర్చిపోయేది అదే. బాల్కనీ స్లైడింగ్ తలుపు కింద సందుకి బ్రష్ స్ట్రిప్. సింకు, వాష్‌బేసిన్ పైపులు గోడలోకి పోయే చోట వైట్ సిమెంటో సిలికానో, ఈ పని మాత్రం చివరి కోటు ముందే చేయించండి, మీ పెయింటర్‌కే ఒక పూట పని. నీళ్ళు పోయే కంతలకి దగ్గర జాలీ. బొద్దింకలు కనిపిస్తే జెల్, పెసరగింజంత చుక్కలు, పాప చెయ్యి అందని హింజెస్ దగ్గర, సింకు కింద మూలల్లో. జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టకండి, ఆ వాసనకి అవి జెల్ ముట్టవు. కుండీల కింద ప్లేట్లు, కూలర్, డ్రమ్ము వారానికోసారి ఖాళీ చేసి గీకి కడగండి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టి వారం లెక్క.

ఇక పిల్లల గది. ఒక కోటే పడింది కాబట్టి గోడ చెక్కించక్కర్లేదు, ఎమరీ అసలు కొట్టనివ్వకండి, దుమ్ము లేస్తుంది. తడిబట్టతో ఒకసారి తుడిపించి, ఆరాక మందు కలపని ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. పైన వివరించిన ఆ పొరే ఇప్పుడు మీకు పనికొస్తుంది, మందు అడుగున ఉండిపోతుంది. పాప గోడ పట్టుకుని నిలబడే వయసు, చెయ్యి నోట్లో పెట్టే వయసు కూడా కాబట్టి కింద మూడడుగుల దాకా తుడవగలిగే షైన్ ఉన్న రకం వేయిస్తే ఇంకా మంచిది. కిటికీలు తెరిచి పది రోజులు ఆ గదిలో పడుకోకండి. బకెట్‌లో మిగిలిన మందు పెయింట్ సింకులోనో డ్రైనేజీలోనో పోయొద్దు, మూత బిగించి సీసాలతో పాటు షాపతనికే ఇచ్చేయండి, తీసుకోనంటే బిల్లు, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, తీసుకుంటాడు.